డ్యూయల్ కోర్ అయితే కరెంటు తక్కువ తింటాదా?

మొన్న ఎండల్లో మా వీధి పిల్లోడొకడు బెంగుళూరు నుంచి వస్తా వస్తా ఒక పాత డెస్క్‌టాప్ పట్టుకొచ్చాడు. ఆడ ఆఫీసులోళ్ళు మార్చేసిన మిషన్లు గుత్తకు కొని అమ్మే కొట్లో తీసుకున్నాడంట. సీపీయూ డబ్బా రైలు సీటు కింద, మానిటర్ ఒళ్ళో పెట్టుకొని కంభంలో దిగి, ఆటో ఎక్కి అర్ధవీడు చేరాడు. ఆరు నెల్లు కష్టపడితే మిగిలిన డబ్బు అది. డీఎస్సీకి చదువుకోవాల, నెట్‌లో మాక్ టెస్టులు రాసుకోవాల అని ఆశ.

వారం తిరక్కుండానే నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, కొట్టాయన ఇది డ్యూయల్ కోర్, కరెంటు తక్కువ తింటాది అన్నాడు. మా నాయనేమో మీటరు ఎగబాకుతాందని ఒకటే గోల. యూపీఎస్ పెట్టినా కరెంటు పోయిన ఐదు నిమిషాలకే కుయ్యిమని ఆరిపోతాంది. నిన్న టెస్టు సగంలో పోయింది. యూట్యూబ్‌లో చూసి ఒక కోర్ ఆపేశా. అయినా ఏం మారలే."

ఒక కోర్ ఆపేశా అన్న కాడ నవ్వొచ్చింది గానీ ఆపుకున్నా. తప్పు ఆ పిల్లోడిది కాదు. 'డ్యూయల్ కోర్' అనే రెండు మాటల చుట్టూ ఇన్ని కథలు అల్లి అమ్ముతాన్నారు. పాత కంప్యూటర్లు విప్పి బిగించే పనిలో ఉన్నోణ్ణి కాబట్టి, ఆ కథల్లో ఏది నిజమో ఏది గాలి మాటో నాకు తెలిసినంత చెప్తా.

ముందు అసలు రెండు కోర్లు ఎందుకొచ్చాయో చూద్దాం. కోర్ అంటే లెక్క చేసే మెదడు. అంతకు ముందు ఒక చిప్పులో ఒకటే మెదడుండేది. దాన్ని ఎంత వేగంగా తిప్పితే అంత గొప్ప. గిగాహెర్ట్జ్ అంకె చూసి జనం కొనేవాళ్ళు. ఇంటెల్ పెంటియం 4 అట్టా 2004 చివరికి 3.8 గిగాహెర్ట్జ్ దాకా పోయింది. 4 గిగాహెర్ట్జ్ చిప్పు తెస్తామని చెప్పి, అదే ఏడాది అక్టోబరులో మానుకున్నారు. అప్పటికే వేడి పెద్ద తలనొప్పి అయిపోయింది.

వేడి ఎందుకంత పెరుగుతాదో మన పడమటి ప్రకాశం వాళ్ళకి చెప్పడం తేలిక. బోర్ల సంగతి మనకి తెలియంది కాదు గదా. నీళ్ళు పైనుంటే చిన్న మోటారు చాలు, లోతుకు పోయే కొద్దీ మోటారు పెద్దది కావాల, కరెంటూ ఎక్కువ కావాల. చిప్పులో ఉండే ప్రతి ట్రాన్సిస్టర్ దగ్గరా ఒక చిన్న తొట్టి ఉందనుకోండి. నింపితే ఒకటి, ఒంపితే సున్నా. వోల్టేజి అంటే ఆ తొట్టిలో నీళ్ళు ఎంత ఎత్తుకు ఎక్కించాలనే లెక్క. ఎత్తు రెండింతలు చేస్తే పట్టే నీళ్ళు రెండింతలు, వాటిని ఎక్కించాల్సిన ఎత్తు కూడా రెండింతలు. కాబట్టి పని నాలుగింతలు. గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కోట్ల మార్లు ఆ తొట్టి నింపి ఒంపుతాన్నాం అనేది. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల మార్లు.

ఇక్కడే చిక్కు. వేగం పెంచాలంటే మామూలుగా వోల్టేజి కూడా పెంచాల. రెండూ కలిసి పెరిగితే ఖర్చు లగెత్తుతాది. దాన్నే తిరగేసి చూడండి. ఒక కోర్ వేగాన్ని 20 శాతం, వోల్టేజిని 20 శాతం తగ్గించగలిగితే, 0.8 ని మూడు మార్లు గుణిస్తే 0.51 వస్తాది. అంటే వేగం ఐదో వంతే తగ్గింది, కరెంటు సగానికి పడింది. ఆ మిగిలిన సగంలో ఇంకో కోర్ పెట్టుకోవచ్చు. కరెంటు మునుపటంతే, పని 1.6 రెట్లు. డ్యూయల్ కోర్ వెనకున్న కిటుకు ఇంతే.

అయితే ఆ 1.6 రెట్లు అనేది పని పంచుకోగలిగితేనే. మిరప్పళ్ళు కోయాలంటే ఇద్దరు చెరో సాలు పట్టుకుంటారు, పని సగం పొద్దుకే అయిపోతాది. సూదిలో దారం ఎక్కించడానికి ఇద్దరొచ్చి ఏం చేస్తారు? వీడియో మార్చడం, పెద్ద ఫైలు జిప్ చేయడం మిరప్పళ్ళ లాంటి పనులు. పాత సాఫ్ట్‌వేర్లు చాలా మటుకు దారం రకమే. ఒకటి పని చేస్తాంటే రెండోది చూస్తా కూచుంటాది.

ఇప్పుడు మన పిల్లోడికి తెలియాల్సిన అసలు సంగతి. డ్యూయల్ కోర్ అనేది ఒక సరుకు పేరు కాదు, ఒక కాలం పేరు. 2005 మే నెలలో ఇంటెల్ పెంటియం డి, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 బజారుకొచ్చాయి. రెండూ డ్యూయల్ కోరే. పెంటియం డి అంటే పాత పెంటియం 4 మెదళ్ళు రెండు పక్కపక్కన అతికించినట్టు. అందులో 820 అనే రకం 95 వాట్ల చిప్పు, 840 అయితే 130 వాట్లు. ఆ 820 కి ఖాళీగా ఉన్నప్పుడు వేగం తగ్గించుకునే గుణమే లేదు. పని ఉన్నా లేకపోయినా 2.8 గిగాహెర్ట్జ్ మీదనే కూచుంటాది. అది కూడా డ్యూయల్ కోరే. కొట్టాయన చెప్పింది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

2006 జులైలో కోర్ 2 డ్యుయో వచ్చింది. దీని కథ నాకు ఇష్టం. ఇంటెల్‌కి ఇజ్రాయెల్‌లో హైఫా ఊళ్ళో ఒక డిజైన్ బృందం ఉంది. వాళ్ళు ల్యాప్‌టాప్‌ల కోసం, అంటే బ్యాటరీ మీద బతికే మిషన్ల కోసం, పెంటియం ఎం అనే పొదుపు చిప్పు చేసినోళ్ళు. వేగం పిచ్చిలో డెస్క్‌టాప్ చిప్పులు వేడెక్కి కూచున్నప్పుడు, ఆ ల్యాప్‌టాప్ వంశాన్నే తెచ్చి డెస్క్‌టాప్‌లో పెట్టారు. గిగాహెర్ట్జ్ తక్కువ, పని ఎక్కువ, 65 వాట్లు. ముందటి పెంటియం డి కన్నా 40 శాతం ఎక్కువ పని, 40 శాతం తక్కువ కరెంటు అని కంపెనీ అప్పట్లో చెప్పుకుంది. కంపెనీ మాటల్లో కొంత కోసేసినా తేడా పెద్దదే.

తర్వాత 2007లో 'పెంటియం డ్యూయల్ కోర్' అని పేరే పెట్టి ఇంకొన్ని వదిలారు. ఆ తర్వాత 2013 ప్రాంతంలో వచ్చిన పెంటియం జీ3220 కూడా రెండు కోర్లదే, 53 వాట్లది. ఖాళీగా ఉంటే 800 మెగాహెర్ట్జ్‌కి దిగిపోతాది. పైనున్న 820 పక్కన దీన్ని పెడితే ఎడ్లబండికి బైకుకి ఉన్నంత తేడా. కొట్లో మాత్రం రెంటికీ ఒకటే చీటీ: డ్యూయల్ కోర్. కాబట్టి కొనేటప్పుడు ఆ మాట పక్కన పెట్టి మోడల్ నెంబరు అడగండి. నెంబరు చెప్పనోడి దగ్గర కొనొద్దు.

ఇంకో మోసం కూడా ఉంది. ఐ3 చిప్పులు చాలా ఏళ్ళు డెస్క్‌టాప్‌లో రెండు కోర్లతోనే వచ్చాయి. ఒక్కో కోర్ రెండు పనులు అందుకునే ఏర్పాటు ఉండబట్టి విండోస్‌లో నాలుగు గడులు కనపడతాయి. 'చూడు తమ్ముడూ, క్వాడ్ కోర్' అని అదే చూపిస్తారు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ పేజీలో సీపీయూ మీద నొక్కితే, కోర్లు 2, లాజికల్ ప్రాసెసర్లు 4 అని విడివిడిగా రాసుంటాది. ముందు అది చూడండి.

మన పిల్లోడి మిషన్ విప్పి చూస్తే కోర్ 2 డ్యుయో ఈ7400 కనపడింది. 2008 నాటి చిప్పు, 2.8 గిగాహెర్ట్జ్, 65 వాట్లు. పాతదే గానీ పనికిమాలింది కాదు. పొదుపు గుణాలన్నీ ఉన్నాయి. సమస్య ఏందంటే, వాటిని ఎవరో ఆపేసి పెట్టారు.

ఆ గుణాలేందో చెప్తా. మొదటిది, వేగం దించుకోవడం. ఇంటెల్ వాళ్ళు దీన్ని స్పీడ్‌స్టెప్ అంటారు, బయోస్‌లో ఈఐఎస్‌టీ అని ఉంటాది. ఏఎండీ వాళ్ళది కూల్ అండ్ క్వయట్. పని లేనప్పుడు చిప్పు తన వేగాన్ని, దాంతో పాటు వోల్టేజిని కిందికి దించుకుంటాది. ఈ7400 అయితే 2.8 నుంచి 1.6 గిగాహెర్ట్జ్‌కి వస్తాది. మీరు ఒక పేజీ చదువుతాంటే, వేలు మౌస్ మీద కదలకుంటే, చిప్పుకి పనేముంది? మీరు నొక్కిన మరుక్షణం మళ్ళీ పైకి లేస్తాది. ఆ లేవడం మనకి తెలియను కూడా తెలియదు.

రెండోది, కునుకు. దీన్ని సీ-స్టేట్లు అంటారు. పని చేస్తాంటే సీ0. చేసే పని ఒక్కటి కూడా లేకుంటే విండోస్ ఆ కోర్‌కి 'ఆగు' అని చెప్తాది, అది సీ1. తొట్లు నింపడం ఒంపడం ఆపేసి నిలబడతాది. సీ1ఈ అయితే నిలబడటమే కాకుండా వోల్టేజి కూడా దించుకుంటాది. తర్వాతి కాలం చిప్పుల్లో సీ6 దాకా ఉన్నాయి. ఆడికి పోతే ఆ కోర్‌కి వచ్చే కరెంటునే కట్ చేస్తారు. ఎందుకంటే తొట్టి నింపకపోయినా కొళాయి కారినట్టు చిప్పులో కరెంటు కారతానే ఉంటాది. ట్రాన్సిస్టర్లు చిన్నవయ్యే కొద్దీ ఈ కారడం పెద్ద బాధ అయింది. గేటు వాల్వు కట్టేస్తేనే అది ఆగేది.

ఇంకో ముచ్చట. ఈ కోర్ 2 కాలం డెస్క్‌టాప్ చిప్పుల్లో రెండు కోర్లకీ వోల్టేజి ఒకటే, వేగమూ ఒకటే. ఒకే కాడికి కట్టిన ఎద్దులు. ఒకటి బరువు లాగుతాంటే రెండోదానికి పనిలేకపోయినా మెడ మీద కాడి అదే ఎత్తులో ఉంటాది. అది నిలబడి కునుకు తీయగలదు గానీ, సొంతంగా వోల్టేజి దించుకోలేదు.

ఇప్పుడు పిల్లోడు ఒక కోర్ ఆపిన సంగతికి రండి. పనిలేని కోర్ ఎట్టాగూ కునుకులోనే ఉంటాది. దాన్ని విండోస్ సెట్టింగుల్లో ఆపేసినందువల్ల మిగిలేది ఏమీ లేదనే చెప్పాల. పైగా ఇద్దరు చేసే పని ఒకడి మీద పడింది. ఆ ఒకడు ఎక్కువసేపు పూర్తి వేగంతో గుంజుకోవాల. అప్పుడు మిగతా మిషన్ అంతా, అంటే మదర్‌బోర్డు, హార్డ్ డిస్కు, ఫ్యాన్లు, మానిటర్, ఆ సేపంతా మెలకువగానే ఉండాల. చిప్పుల విషయంలో తొందరగా పని తెమిల్చి తొందరగా పడుకోవడమే పొదుపు. అందుకే విండోస్‌లో పవర్ ఆప్షన్స్‌కి పోయి, పవర్ సేవర్ పెట్టి వేగాన్ని అడుగున బిగించేయడం కన్నా, బ్యాలెన్స్‌డ్ పెట్టి వదిలేయడం మేలు. హై పెర్ఫార్మెన్స్ పెడితే మాత్రం కనీస వేగమే 100 శాతం అయిపోతాది, ఎద్దుని పండుకోనియ్యరు. మన పిల్లోడి మిషన్‌లో హై పెర్ఫార్మెన్సే ఉంది. బయోస్‌లో ఈఐఎస్‌టీ, సీ1ఈ రెండూ ఆఫ్‌లో ఉన్నాయి. ఎవరో 'స్పీడు వస్తాది' అని చేసుంటారు.

అవి ఆన్ చేసి, రెండో కోర్ మళ్ళీ కలిపి, ప్లగ్గులో పెట్టే వాట్ల మీటరు తగిలించి చూశాం. ఖాళీగా ఉన్నప్పుడు డబ్బా ఒక్కటే అంతకు ముందు 72 వాట్లు లాగేది, ఇప్పుడు 58 కి వచ్చింది. సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో అంకె 1.6 గిగాహెర్ట్జ్‌కి దిగడం, బ్రౌజర్ తెరవగానే 2.8 కి ఎగరడం పిల్లోడు కళ్ళారా చూశాడు. మీ మిషన్‌లో గుణం పని చేస్తాందో లేదో తెలుసుకోవడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

పిల్లోడి మొహం వెలిగింది గానీ, నేను లెక్క కూడా చెప్పా. 14 వాట్ల తేడా. రోజుకి 8 గంటలు వాడితే నెలకి 3.36 యూనిట్లు. 2022-23 టారిఫ్ ప్రకారం ఇంటి మీటరుకి మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6. వాళ్ళ ఇల్లు 4.50 స్లాబులో ఉంది. అంటే నెలకి మిగిలేది 15 రూపాయలు. ఒక టీ, ఒక బన్ను.

ఇది చెప్పకుండా 'పవర్ సేవింగ్' అని ఊదరగొట్టే వాళ్ళంటే నాకు మంట. చిప్పు మీద రాసే 65 వాట్లు కూడా బిల్లు లెక్క కాదు. అది ఎంత వేడిని బయటికి పంపే ఫ్యాను బిగించాలో తయారీదారులకి చెప్పే అంకె. మామూలు వాడకంలో చిప్పు ఒక్కటే అంత తాగదు. మిషన్ మొత్తం ఖాళీగా ఉంటే మన పాత సీలింగ్ ఫ్యానంత, అంటే ఒక 70, 75 వాట్ల కాడ ఉంటాది.

మరి వాళ్ళ నాయన గోల ఎందుకు? అడగ్గా అడగ్గా తేలింది. పిల్లోడు రాత్రిళ్ళు వీడియో పాఠాలు డౌన్‌లోడ్‌కి పెట్టి పడుకుంటాడు. అవి ఒక గంటలో అయిపోతాయి. మిషన్ తెల్లారి తొమ్మిదింటి దాకా అట్టాగే ఉంటాది, మళ్ళీ మధ్యాన్నం కాస్తసేపు. రోజుకి ఒక 14 గంటలు ఊరికే. పాత 72 వాట్ల మీద అది నెలకి 30 యూనిట్లు దాటుతాది. స్లాబు పైకి ఎక్కేది అట్టా. దీనికి చిప్పు కిటుకులు చాలవు, స్లీప్ కావాల. స్లీప్‌లో పడితే ర్యామ్ ఒక్కటే మెలకువగా ఉంటాది, మిగతాదంతా చచ్చినట్టు పడుంటాది. మొత్తం రెండు మూడు వాట్లు. లేపితే మీరు ఆపిన పేజీ ఆపినట్టే ఉంటాది. 15 నిమిషాలు ముట్టుకోకపోతే స్లీప్ అని పెట్టా. డౌన్‌లోడ్ ప్రోగ్రాంలో 'అయిపోయాక షట్‌డౌన్' కి టిక్ పెట్టా. కోర్లు రెండా నాలుగా అనేదానికన్నా ఈ రెండు టిక్కులే ఎక్కువ మిగిల్చాయి. ఒకటే జాగ్రత్త, స్లీప్‌లో ఉండగా కరెంటు పోయి యూపీఎస్ కూడా ఆరితే తెరిచి పెట్టింది పోతాది. రాసింది సేవ్ చేసుకోండి.

ఇది ఇళ్ళకే కాదు. నేను పని మీద పోయిన ఒక ఆఫీసులో సాయంత్రం తలుపులు వేసినా పది మిషన్లు వెలుగుతానే ఉన్నాయి. ఒక్కోటి 60 వాట్లు, రాత్రికి 15 గంటలు అనుకుంటే 9 యూనిట్లు, నెలకి 270. ఏ జీతగాడి ఇంట్లోనన్నా అంత కాలితే ఊరుకుంటాడా? ఆ మిషన్లన్నిట్లో స్లీప్ ఉంది. పెట్టే దిక్కే లేదు. కరెంటు పొదుపు చేయండని మనకి పోస్టర్లు అంటించేది మాత్రం ఆ గోడల మీదనే.

ఇక యూపీఎస్. ఇదే పిల్లోడికి ప్రాణం, ఎందుకంటే టెస్టు సగంలో పోతే మళ్ళీ రాయనియ్యరు. మామూలు 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటుంటాది. గుణిస్తే 84 వాట్ అవర్లు. 120 వాట్లు లాగితే కాగితం మీద 42 నిమిషాలు రావాల. రాదు. మార్చే కాడ కొంత పోతాది, పైగా లెడ్ బ్యాటరీని గట్టిగా గుంజితే అది దాచుకున్నదంతా ఇవ్వదు. మెల్లగా అడిగితే ఎక్కువ ఇస్తాది. 120 బదులు 60 లాగితే రెండింతల కన్నా ఎక్కువ సేపు వచ్చేది అందుకే. ఇక్కడ మాత్రం చిప్పు పొదుపు చేసే ఆ 14 వాట్లకి విలువుంది. మానిటర్ వెలుగు తగ్గిస్తే ఇంకో నాలుగైదు. పాత డబ్బా మానిటర్ వాడేవాళ్ళు ఎల్‌ఈడీకి మారితే ఒక 50 వాట్లు, అది అన్నిట్లోకీ పెద్దది.

అయినా ఐదు నిమిషాలకే ఆరడం చిప్పు తప్పు కాదని నాకు ముందే అనుమానం. బ్యాటరీ విప్పితే నాలుగేళ్ళ నాటిది. పక్కలు ఉబ్బున్నాయి. 44 డిగ్రీల ఎండలో రేకుల గదిలో పెడితే ఏ బ్యాటరీ అన్నా అట్టాగే అవుతాది. వేడికి వాటి ఆయుస్సు కరిగిపోతాది. కొత్తది వేయించా. సీపీయూ ఫ్యాను మీద మందాన పేరుకున్న దుమ్ము కూడా దులిపా. ఫ్యాను గాలి ఆడకపోతే చిప్పు వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటాది. దాన్ని చూసి కొందరు 'పొదుపు చేస్తాంది' అనుకుంటారు. అది పొదుపు కాదు, ఊపిరాడక కూలబడటం.

ఆఖరికి కొనబోయే వాళ్ళకి ఒక మాట. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 11 కి కనీసం రెండు కోర్లు చాలని రాసుంటాది, దాన్ని చూపించి పాత మిషన్ అంటగడతారు. కానీ అదే చోట ఒప్పుకునే చిప్పుల జాబితా ఉంది. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే మొదలు. కోర్ 2 కాలం వాటికి అందులో చోటు లేదు. ఇట్టాంటి వాటిలో లినక్స్ మింట్ వేసుకోవడమే దారి. పొదుపు గుణాలు అందులోనూ పని చేస్తాయి. పాత హార్డ్ డిస్కు తీసి చిన్న ఎస్‌ఎస్‌డీ పెడితే మిషన్ వేరే జన్మ ఎత్తినట్టుంటాది, కరెంటూ కాస్త తగ్గుతాది. డబ్బు చేతిలో ఉండి ఇప్పుడే కొంటాన్నారంటే కోర్ 2 జోలికి పోకుండా ఇంకొంత పెట్టి జీ3220 కాలందో, ఆ తర్వాతదో చూసుకోండి. ఇప్పటికే ఇంట్లో ఉంటే పారేయొద్దు.

పోయిన ఆదివారం గాలీవానకి ఊళ్ళో కరెంటు పోయింది. పొద్దుగూకేటప్పటికి పిల్లోడు ఫోన్ చేశాడు. "అన్నా, 28 నిమిషాలు నిలబడింది. టెస్టు సబ్మిట్ కొట్టినాకే ఆరింది." మార్కులెన్నొచ్చాయిరా అంటే ఇంకా చూళ్ళేదన్నాడు, కరెంటు రాలేదంట.